నీలి దర్పణం – పాదరీ లాంగ్ సాక్ష్యం

తెలుగు క్రైస్తవుల పలుకుబడిలో 'సాక్ష్యం' అనే మాటకు న్యాయస్థానాలలో ఉన్న అర్థం కంటే విస్తృతమైన అర్థం ఉంది. తాను చూసినదానిని, నమ్మినదానిని పదిమంది ఎదుట నిలబడి చెప్పడం సాక్ష్యం. అలా చెప్పినందుకు ప్రాణం పోగొట్టుకున్నవాడు హతసాక్షి. బైబిలు చెప్పే ఇటువంటి సాక్ష్యాలలో ప్రసిద్ధమైనవి కొన్ని సొంత రాజుల ఎదుట జరిగినవి కావడం గమనించదగిన విషయం. దావీదు చేసిన పాపాన్ని అతని ముఖం మీదనే ఎత్తిచూపిన నాతాను ప్రవక్త ఆ రాజుకు శత్రువు కాడు. అతని ప్రజలలో ఒకడు, అతని దేవుణ్ణే కొలిచేవాడు. హేరోదును తప్పుపట్టి చెరసాల పాలైన బాప్తిస్మమిచ్చు యోహాను కూడా పరదేశం నుంచి వచ్చినవాడు కాడు. శత్రువును నిందించినవాడికి వెనక్కి వెళ్లి తలదాచుకోవడానికి తన వారంటూ ఉంటారు. తన వారినే నిందించినవాడికి ఆ ఆసరా కూడా మిగలదు.

ఆంగ్ల పాలనలో ఉన్న భారతదేశంలో ఐరోపా మిషనరీల ముందు ఈ ప్రశ్న నిత్యం నిలిచే ఉండేది. పాలకులు వారి జాతివారు, వారి మతస్థులు. ఆదివారం నాడు చర్చిలో వారి ముందు వరుసలలో కూర్చునేవారు. దొరల విందులకు వెళ్లి, వారి విరాళాలతో బడులు నడిపి, వారి అన్యాయాల విషయంలో మౌనం వహించిన మిషనరీలు తక్కువ కారు. ఆ మౌనాన్ని కాదన్నవారిలో చరిత్రకెక్కిన పేరు రెవరెండ్ జేమ్స్ లాంగ్. 1861 జులైలో కలకత్తా సుప్రీం కోర్టు ఆయనకు ఒక నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా విధించింది. ఆయన చేసిన నేరం ఒక బెంగాలీ నాటకాన్ని ఆంగ్లంలో అచ్చువేయించడం.

ఆ నాటకం సంగతి తెలియాలంటే ముందు నీలిమందు సంగతి తెలియాలి. బట్టలకు అద్దే నీలిరంగు ఆ కాలంలో మొక్క నుంచే రావాలి. కడప, నెల్లూరు ప్రాంతాల తెలుగు రైతులకు కూడా నీలిమందు సాగు పరిచయమైనదే. అయితే బెంగాల్లో, ముఖ్యంగా నదియా, జెస్సోర్ జిల్లాలలో, ఆ సాగు తీరు వేరు. అక్కడ ఐరోపా దొరలు ఫ్యాక్టరీలు పెట్టి, చుట్టుపక్కల గ్రామాల రైతులకు 'దాదన్' పేరుతో ముందస్తు సొమ్ము ఇచ్చి నీలి వేయించేవారు. బిఘాకు రెండు రూపాయలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద వేలిముద్ర తీసుకుంటే రైతు ఆ దొరకు కట్టుబడిపోయినట్లే. వరి పండే మేలైన భూమిలోనే నీలి విత్తాలి. పంట కోసి ఫ్యాక్టరీకి చేర్చాక గొలుసు చుట్టి కట్టలుగా కొలిచేవారు. ఆ కొలతలో రైతు ఎప్పుడూ నష్టపోయేవాడు. విత్తనం ఖర్చు, బండి కిరాయి, స్టాంపు కాగితం ఖరీదు తీసివేయగా చివరికి మిగిలేది అప్పే. ఆ అప్పు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేది. వేయనన్న రైతును లాఠీవాళ్లు పట్టుకుపోయి ఫ్యాక్టరీ గోదాములో బంధించేవారు. తోలు తొడిగిన ఒక దెబ్బల కర్రకు బెంగాల్లో 'శ్యామ్‌చాంద్' అని పేరు వచ్చింది. కృష్ణుడి ముద్దుపేరును ఆ కర్రకు ఎవరు పెట్టారో గాని, దెబ్బలు తిన్నవారి చేదు పరిహాసం అందులో వినిపిస్తుంది.

న్యాయం కోసం పోదామంటే మేజిస్ట్రేటు ఇంగ్లీషు దొర. ఆయన జిల్లా పర్యటనకు వస్తే బస చేసేది తరచుగా నీలి దొర బంగళాలోనే. 1857లో కొందరు నీలి దొరలనే గౌరవ సహాయ మేజిస్ట్రేట్లుగా నియమించడంతో కొట్టే చేయి, తీర్పు చెప్పే నోరు ఒకరివే అయ్యాయి.

ఈ వ్యవస్థకు మొదటి బీటలు పడింది ప్రభుత్వ కాగితాల వల్లనే కావడం ఒక విశేషం. 1859లో బారాసాత్ మేజిస్ట్రేటుగా ఉన్న ఆష్లీ ఈడెన్, రైతు తన భూమిలో తనకు ఇష్టమైన పంట వేసుకోవచ్చునని, బలవంతంగా నీలి వేయించే అధికారం ఎవరికీ లేదని ఉత్తర్వు ఇచ్చారు. అది నిజానికి కొత్త చట్టమేమీ కాదు. ఉన్న హక్కును ఉన్నదని చెప్పడం మాత్రమే. కాని ఆ మాట బెంగాలీలో ఊరూరా పాకింది. ఆ ఏడాది, మరుసటి ఏడాది నదియా, జెస్సోర్, పబ్నా జిల్లాలలో లక్షలాది రైతులు నీలి వేయబోమని తిరగబడ్డారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులైన రైతులు కూడా ఆ ఉద్యమంలో ఉన్నారు. కలకత్తా నుంచి 'హిందూ పేట్రియట్' సంపాదకుడు హరీశ్‌చంద్ర ముఖర్జీ వారి గొంతు అయ్యారు. 1860 మార్చిలో ప్రభుత్వం ఒప్పందం తప్పిన రైతును జైలుకు పంపే తాత్కాలిక చట్టం చేసి దొరలను శాంతింపజేసింది. అదే చట్టంలో విచారణ సంఘం నియామకానికి కూడా ఒప్పుకుంది.

డబ్ల్యు. ఎస్. సీటన్-కార్ అధ్యక్షతన ఏర్పడిన ఆ నీలిమందు కమిషన్ 1860 మే నుంచి 134 మంది సాక్షులను విచారించింది. అందులో ఫరీద్‌పూర్ మేజిస్ట్రేటుగా పనిచేసిన డి లాటూర్ చెప్పిన మాట ప్రసిద్ధమైంది: మనిషి నెత్తురు మరక అంటని నీలిపెట్టె ఒక్కటీ ఇంగ్లండు చేరలేదని. అదే సంవత్సరం వర్షాకాలంలో బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ పీటర్ గ్రాంట్ కుమార్, కాళీగంగ నదుల మీద పడవలో ప్రయాణం చేస్తుండగా 60, 70 మైళ్ల పొడవునా రెండు గట్ల మీదా రైతులు బారులు తీరి నిలబడి న్యాయం కోరారు. వారిలో ఆడవారూ ఉన్నారు. అంత జనం అంత క్రమంగా నిలబడటం చూసి, దీని అర్థం గ్రహించకపోవడం పొరపాటు అవుతుందని గ్రాంట్ తన నివేదికలో హెచ్చరించారు.

కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినవారిలో మిషనరీలు కూడా ఉన్నారు. నదియా జిల్లాలో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన పనిచేసిన జర్మన్ పాదరీలు గ్రామాలలోనే నివసించేవారు. రైతుల భాష మాట్లాడేవారు. శాంతిపూర్‌లోని బోంవెట్ష్, కపాస్‌డాంగాలోని షుర్ అటువంటివారు. 1855లోనే కలకత్తాలో జరిగిన బెంగాల్ మిషనరీల సమావేశంలో నీలి సాగు ప్రస్తావన వచ్చింది. వీరిని కదిలించిన కారణం కేవలం జాలి కాదు. సువార్త చెప్పడానికి వెళ్లిన పాదరీని గ్రామస్థులు అడిగే ప్రశ్న ఒకటి ఉండేది: ఈ నీలి దొర కూడా మీ మతం వాడే కదా, ముందు ఆయనకు బోధించరాదా? ఈ ప్రశ్నకు వేదాంత గ్రంథాలలో జవాబు దొరకదు. బోధకుడి మతమూ లాఠీవాళ్ల యజమాని మతమూ ఒకటే అయినప్పుడు, బోధకుడు నోరు విప్పకపోతే ఆ మౌనమే బోధ అయి కూర్చుంటుంది. దొరల పత్రికలు మాత్రం, పాదరీలు తమ పని మాని రైతులను రెచ్చగొడుతున్నారని దుమ్మెత్తిపోశాయి.

జేమ్స్ లాంగ్ ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో 1814లో జన్మించారు. 1840లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున కలకత్తా వచ్చి, నగరంలో బడి నడిపి, తరువాత దక్షిణాన ఠాకూర్‌పుకూర్‌లో స్థిరపడ్డారు. ఇంగ్లీషు నేర్పి మతం మార్చవచ్చునని తలచిన ఆనాటి పద్ధతి ఆయనకు నచ్చలేదు. రైతు బిడ్డకు చదువు రైతు భాషలోనే చెప్పాలని పట్టుబట్టారు. బెంగాలీ సామెతలు సేకరించారు. బెంగాలీలో అచ్చయిన సుమారు 1,400 పుస్తకాల వివరణాత్మక పట్టికను 1855లో ప్రకటించారు. పంచాంగాలు, చౌకబారు కథలు, పద్యాల పుస్తకాలు, వార్తాపత్రికలు - దొరలు చేత్తో ముట్టుకోవడానికి కూడా ఇష్టపడని సరుకంతా ఆయన బజారు దుకాణాలలో వెతికి కొని చదివేవారు. ఈ దేశ ప్రజలు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే వారు చదివేది చదవాలని ఆయన సిద్ధాంతం. ఇంత సాదాసీదా మాట ఆ కాలపు పాలకులలో ఎందరికి తట్టిందో చెప్పడం కష్టం.

'నీల్ దర్పణ్' 1860లో ఢాకాలో రచయిత పేరు లేకుండా అచ్చయింది. రచయిత దీనబంధు మిత్ర (1830-1873) తపాలా శాఖ ఉద్యోగి. ఉద్యోగరీత్యా నదియా, ఢాకా ప్రాంతాలు తిరిగి రైతుల దుస్థితి కళ్లారా చూసినవారు. బాల్యంలో పల్లె నుంచి కలకత్తాకు వచ్చేసి లాంగ్ నడిపిన ఉచిత పాఠశాలలో చదువుకున్నవారు కూడా.

కథ స్వరపూర్ అనే గ్రామంలో నడుస్తుంది. గోలోక్ బసు కలిగిన గృహస్థు. నీలి వేయనన్నందుకు ఫ్యాక్టరీ వారు ఆయనపై దొంగ కేసు బనాయిస్తారు. ఆ అవమానం భరించలేక ఆయన జైలులో ఉరి వేసుకుంటాడు. రైతుల పక్షాన నిలిచిన పెద్దకొడుకు నవీన్ మాధవ్ దొర దెబ్బకు చనిపోతాడు. గర్భవతి అయిన రైతు బిడ్డ క్షేత్రమణిని చిన్న దొర తన బంగళాకు రప్పించి బలాత్కరించబోతాడు. నవీన్ మాధవ్, తోరాప్ అనే ముస్లిం రైతు కలిసి ఆమెను విడిపిస్తారు గాని, తగిలిన దెబ్బలకు ఆమె కన్నుమూస్తుంది. చివరి అంకంలో చావుల మీద చావులు వచ్చిపడతాయి. నాటక కళ దృష్టితో చూస్తే అది ఒక లోపమే. భద్రలోకపు పాత్రల సంభాషణ కొన్నిచోట్ల బరువెక్కింది కూడా. కాని రైతుల మాటలలో, ముఖ్యంగా తోరాప్ మాటలలో, బెంగాల్ పల్లె నేరుగా మాట్లాడుతుంది. ఆ మాటలే దొరలకు గుచ్చుకున్నాయి.

లాంగ్ ఆ పుస్తకం గురించి సీటన్-కార్‌కు చెప్పారు. కమిషన్ అధ్యక్షత ముగించిన సీటన్-కార్ అప్పుడు బెంగాల్ ప్రభుత్వ కార్యదర్శి. విషయం గ్రాంట్ వరకు వెళ్లింది. ఆంగ్లానువాదం ఉంటే చూడాలని ఆయన అన్నారు. లాంగ్ ఒక భారతీయుడి చేత అనువాదం చేయించి, తాను సరిచూసి, పరిచయ వాక్యాలు జోడించి, సి. హెచ్. మాన్యువెల్ అనే ముద్రాపకుడి వద్ద 500 ప్రతులు అచ్చువేయించారు. వాటిలో సుమారు 200 ప్రతులను సీటన్-కార్, గ్రాంట్‌కు తెలియకుండానే, ప్రభుత్వ ముద్ర వేసిన కవర్లలో పంపించారు. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లండులోని ప్రముఖులకు చేరింది. దొరల ఆగ్రహానికి ఈ ముద్రే ఆజ్యం పోసింది. రైతుల ఏడుపు రైతుల భాషలో ఉన్నంతకాలం వారికి అభ్యంతరం లేదు. నాటకం ఢాకాలో అచ్చయి, బెంగాల్ అంతటా చదవబడుతున్నప్పుడు ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. అది ఆంగ్లంలోకి వచ్చి, ప్రభుత్వ తపాలాలో ఓడ ఎక్కిన తరువాతనే నేరమయింది.

నీలి దొరలు, వ్యాపారులు కూడిన భూస్వామ్య వాణిజ్య సంఘం, 'ఇంగ్లిష్‌మన్' పత్రిక సంపాదకుడు వాల్టర్ బ్రెట్ ఫిర్యాదుకు పూనుకున్నారు. ముద్రాపకుడు మాన్యువెల్‌ను ముందు బోనెక్కించారు. లాంగ్ తన పేరు చెప్పవచ్చునని ముద్రాపకుడికి అనుమతి ఇచ్చారు. మాన్యువెల్ నేరం ఒప్పుకుని 10 రూపాయల జరిమానాతో బయటపడ్డారు. ఆ తరువాత లాంగ్ మీద కేసు నడిచింది.

అభియోగాలు రెండు. ఒకటి, నీలి దొరలను ఒక వర్గంగా కించపరచడం. రెండవది ఆసక్తికరమైనది. మూల రచయిత రాసిన ముందుమాటలో, రెండు దినపత్రికలు దొరలను పొగడుతున్నాయని, ముప్పై రూపాయల కోసం యూదా యేసును పిలాతు చేతికి అప్పగించినప్పుడు, వెయ్యి రూపాయల ఆశతో పత్రికాధిపతులు ఈ దేశపు దిక్కులేని జనాన్ని దొరల నోటికి అందించడంలో వింతేమున్నదని ఒక వాక్యం ఉంది. పత్రికల పేర్లు లేవు. అయినా అవి 'ఇంగ్లిష్‌మన్', 'బెంగాల్ హర్కారు' అని అందరికీ తెలుసు. ఈ పోలిక రాసింది ఒక హిందూ రచయిత. క్రైస్తవులు నిత్యం పఠించే కథను తీసి క్రైస్తవుల ముందే అద్దంలా పట్టాడు: మీ గ్రంథం ప్రకారమే మీరు ఇందులో ఏ పాత్ర ధరిస్తున్నారో చూసుకోండి అన్నట్లు. ఆ అద్దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినందుకు ఒక క్రైస్తవ పాదరీ క్రైస్తవ న్యాయమూర్తి ఎదుట నిలబడవలసి వచ్చింది. వాక్యం మీద పరువునష్టం దావా వేసినవారికి ఈ విడ్డూరం తోచినట్లు లేదు.

1861 జులై 19, 20 తేదీలలో విచారణ, 24న తీర్పు. కలకత్తాలో హైకోర్టు ఏర్పడటానికి అది ముందు సంవత్సరం. సుప్రీం కోర్టు చివరి రోజులవి. న్యాయమూర్తి సర్ మార్డాంట్ వెల్స్. బెంగాలీలు అబద్ధాలకు, దొంగ దస్తావేజులకు అలవాటుపడిన జాతి అని ధర్మపీఠం మీద నుంచే పలుమార్లు అన్నవారు. జ్యూరీకి చెప్పిన మాటలలో ఆయన నాటకాన్ని రోత పుట్టించే అపనిందగా వర్ణించారు. నాటకంలో ఒక దొర భార్యకు మేజిస్ట్రేటుతో చనువు ఉన్నట్లు సూచించే చోటు ఉంది. అది ఇంగ్లండు స్త్రీలందరికీ అవమానమని ఆయన ఆగ్రహించారు. క్షేత్రమణి గతి పట్ల అంతటి ఆగ్రహం కోర్టులో వినిపించలేదు. జ్యూరీ లాంగ్‌ను దోషిగా తేల్చింది.

శిక్ష విధించే ముందు లాంగ్ కోర్టులో ఒక ప్రకటన చదివారు. అందులో ఆవేశం లేదు. కొంచెం పొడిగా కూడా ఉంటుంది. గత పదేళ్లుగా తీరిక వేళలలో ఈ దేశ ప్రజల అభిప్రాయాలను ఐరోపావారికి ఎరుకపరచే పని చేస్తున్నానని, ఈ పుస్తకం కూడా అందులో భాగమేనని చెప్పారు. దేశభాషల పత్రికలలో ఏమి వస్తున్నదో పాలకులు పట్టించుకోకపోవడానికి 1857లో ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో గుర్తుచేశారు. పరువు తీయాలన్న దురుద్దేశం తనకు లేదని, శాంతి కోరే మతబోధకుడిగా, కనబడుతున్న ప్రమాదం గురించి తన వారిని హెచ్చరించడం తన ధర్మమని వివరించారు. క్షమాపణ చెప్పలేదు. ఆ ఏడాదే ఆయన నీలి వ్యవస్థ గురించిన ఆధారాలతో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. దానికి పెట్టిన పేరు 'కొట్టు, కాని విను' అని అర్థమిచ్చే గ్రీకు నానుడి. పారశీక యుద్ధకాలంలో కర్ర ఎత్తిన తోటి సేనానితో ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ అన్నట్లు చెప్పే మాట అది. పాదరీ తన పుస్తకానికి బైబిలు వాక్యం వెతకకుండా గ్రీకు సేనాని మాట తీసుకోవడం ముచ్చటైన సంగతి.

ఆయన చెప్పినదానికంటే చెప్పనిది ఎక్కువ గమనించదగినది. అనువాదం చూడాలని కోరింది లెఫ్టినెంట్ గవర్నర్. ప్రతులు పంపింది ప్రభుత్వ కార్యదర్శి. ఆ సంగతిని డాలుగా అడ్డుపెట్టుకుంటే లాంగ్‌కు కొంత రక్షణ దొరికేది. కాని ఆయన ప్రభుత్వాన్ని బోనులోకి ఈడ్వలేదు. అనువాదకుడి పేరు చెప్పలేదు. అచ్చువేయించినది నేను, బాధ్యత నాది అన్న ఒక్క మాటకే కట్టుబడ్డారు. ఒక నల్లజాతి గుమాస్తానో, తపాలా ఉద్యోగినో ముందుకు తోసి తాను పక్కకు తప్పుకునే దారి తెరిచే ఉంది. తెల్లజాతి పాదరీకి నెల రోజుల జైలు అయితే, పట్టుబడిన భారతీయ ఉద్యోగికి బతుకుతెరువే పోయేది. ఈ లెక్క ఆయనకు తెలియనిది కాదు.

తీర్పు వెలువడగానే ఆ సభలో ఉన్న కాళీప్రసన్న సింహ వెయ్యి రూపాయల జరిమానా అక్కడికక్కడే చెల్లించారు. బెంగాలీ మహాభారతాన్ని వచనంలో వెలువరించిన ఆ సాహితీవేత్తకు అప్పటికి నిండా పాతికేళ్లు లేవు. జరిమానాకు డబ్బు దొరికింది గాని జైలుకు బదులు దొరకదు. లాంగ్ ఆ నెల రోజులూ కలకత్తా జైలులో గడిపారు. కలకత్తావారు, దొరలూ దేశీయులూ, ఆయనను చూడటానికి వెళ్లివచ్చారు. ఆయన శిక్షకు నెలరోజుల ముందే, 1861 జూన్‌లో, హరీశ్‌చంద్ర ముఖర్జీ పని భారంతో, అనారోగ్యంతో మరణించి ఉన్నారు. హరీశ్ చావును, లాంగ్ చెరను ఒకే ఊపిరిలో తలచుకునే పాట ఒకటి బెంగాల్ పల్లెల్లో పుట్టింది. పాటకట్టిన రైతుకు ఆ ఇద్దరిలో ఒకరు బ్రాహ్మణుడు, మరొకరు ఐర్లండు పాదరీ అన్న భేదం అడ్డు రాలేదు. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే రాధాకాంత దేవ్ ఇంట కలకత్తా ప్రముఖులు సమావేశమై న్యాయమూర్తి వెల్స్ ప్రవర్తనను నిరసించారు.

ఆయన సొంత శిబిరంలో పరిస్థితి అంత సుఖంగా లేదు. క్రైస్తవ బోధకుడు ఇటువంటి మొరటు నాటకాన్ని ప్రచురించడం తగునా అని సందేహించిన మతాధికారులు ఉన్నారు. ఆయన ఉద్దేశాన్ని మెచ్చుకుని పద్ధతిని తప్పుపట్టినవారూ ఉన్నారు. సాక్ష్యం చెప్పినవాడికి సొంతవారి నుంచి అందే సత్కారం చాలాసార్లు ఇదే: మనసు మంచిదేగాని కొంచెం తొందరపడ్డాడు! ప్రభుత్వంలో సీటన్-కార్ తన పాత్ర ఒప్పుకుని కార్యదర్శి పదవి విడిచిపెట్టారు. గవర్నర్ జనరల్ కానింగ్ అభిశంసన గ్రాంట్‌ను కూడా తాకింది. అయితే పాలక వర్గం తన వారిని ఎక్కువకాలం నిందలో ఉంచదు. సీటన్-కార్ తరువాత హైకోర్టు న్యాయమూర్తి, భారత ప్రభుత్వ విదేశాంగ కార్యదర్శి అయ్యారు; గ్రాంట్ జమైకా గవర్నర్‌గా వెళ్లారు. ప్రతులు పంపిన కార్యదర్శి పదవి ఒకటి పోగొట్టుకుని మరొకటి పొందగా, జైలుకు వెళ్లినవాడు పాదరీ ఒక్కడే.

లాంగ్‌ను స్వాతంత్ర్య యోధుడిగా చిత్రించడం సత్యానికి న్యాయం చేయదు. ఆయన బ్రిటిష్ సామ్రాజ్యం కూలాలని కోరలేదు; నిలవాలంటే మారాలని కోరారు. దేశభాషల పత్రికలు ఆవిరి యంత్రానికి రక్షక కవాటం వంటివని ఆయన భావన. ఆ భావనలో పాలితుల మేలు ఎంత ఉందో పాలకుల క్షేమం కూడా అంతే ఉంది. ఆయన శ్రమపడి తయారుచేసిన పుస్తకాల పట్టికల పని 1867 నాటి ముద్రణాలయాల చట్టం తరువాత ప్రభుత్వ యంత్రాంగపు నిత్యకృత్యం అయింది. ప్రజల మాట వినడానికి మొదలైన పని క్రమంగా ప్రజల మాట మీద నిఘాగా మారింది. ఇందుకు ఆయనను బాధ్యుణ్ణి చేయలేము గాని, పాలకుడి చెవి ప్రజల వైపు తిప్పేవాడు ఆ చెవి తరువాత ఏమి చేస్తుందో నిర్ణయించలేడన్న సంగతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మతమార్పిడి విషయంలో ఆయన చివరి వరకు మిషనరీయే. ఈ పరిమితులన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా 1861 జులైలో ఆయన నిలబడిన చోటు తక్కువది కాదు. వ్యవస్థను పూర్తిగా కాదన్నవాడికి దానితో తెగతెంపులు సులభం. అందులో విశ్వాసం ఉన్నవాడు, దాని ఆతిథ్యం అనుభవించినవాడు, రేపు మళ్లీ అదే చర్చిలో అదే దొరల ముందు ప్రసంగించవలసినవాడు నోరు విప్పడం మరింత కష్టం.

బెంగాల్‌లో నీలి సాగు ఆ దెబ్బ తరువాత మళ్లీ కోలుకోలేదు. కమిషన్ నివేదిక రైతుకు నష్టం తప్ప లాభం లేని సాగుగా దానిని తేల్చింది. పోరాడిన రైతులు వెనక్కి తగ్గలేదు. ఈ ఫలితంలో సింహభాగం రైతులది. లాంగ్ పుస్తకం అచ్చయ్యేనాటికే వారు విత్తడం మానేశారు. దొరలు మాత్రం బిహారు వైపు మళ్లారు. అక్కడ చంపారన్‌లో ఇరవై కఠాలకు మూడు కఠాల చొప్పున నీలి వేయించే తీన్‌కఠియా పద్ధతి 1917లో గాంధీజీ వచ్చేవరకు సాగింది. నాటకానికి కూడా రెండవ జన్మ లభించింది. 1872 డిసెంబర్ 7న కలకత్తాలోని జోడాసాంకోలో టిక్కెట్టు కొని ఎవరైనా చూడగలిగిన బెంగాలీ నాటకశాల నేషనల్ థియేటర్ 'నీల్ దర్పణ్' ప్రదర్శనతోనే తలుపులు తెరిచింది. నాలుగేళ్లకే, 1876లో, నాటక ప్రదర్శనల మీద ప్రభుత్వానికి నిషేధాధికారం ఇచ్చే చట్టం వచ్చింది.

శిక్ష ముగిశాక లాంగ్ తన పనికే తిరిగివెళ్లారు. అర్ధదాసులైన రైతులను రష్యా చక్రవర్తి విముక్తులను చేసింది కూడా 1861లోనే. ఆ దేశపు రైతుల స్థితి చూడటానికి ఆయన 1863లో రష్యా వెళ్లారు. 1867లో బెంగాల్ సాంఘిక శాస్త్ర సంఘం స్థాపనలో పాలుపంచుకున్నారు. 1872లో భారతదేశం విడిచి, 1887 మార్చి 23న లండన్‌లో మరణించారు. దక్షిణ కలకత్తాలో ఠాకూర్‌పుకూర్ వైపు వెళ్లే ఒక పెద్ద వీధికి జేమ్స్ లాంగ్ సరణి అని పేరు.

ఆయన కోర్టులో దాచిన పేరు మాత్రం ఈనాటికీ వివాదంలోనే ఉంది. అనువాదం చేసినది మైకేల్ మధుసూదన్ దత్తు అని బంకిం‌చంద్ర రాశారు. బెంగాల్ చాలాకాలం దానిని నమ్మింది. ఆంగ్లం తీరు చూస్తే అంతటి కవి చేసినది కాదని తరువాతి పరిశోధకులు కొందరు వాదించారు. 1861 నాటి ప్రతి ముఖపత్రం మీద ఉన్నది ఒక్కటే: ఒక దేశీయుడు అనువదించినది అని.